వినోదపు ఆట ఎక్కడ ముగుస్తుంది, జూదం ఎక్కడ మొదలవుతుంది? మా అపార్ట్‌మెంట్ సంఘం నియమం రాసుకోవాలి

కొండాపూర్ నివాసి · 2025 అక్టోబరు 4

మా అపార్ట్‌మెంట్ సముదాయంలో దీపావళి ముందు రాత్రులు క్లబ్‌హౌస్‌లో పేకాట ఆడుకోవడం చాలాకాలంగా ఉన్న అలవాటు. ఈ ఏడాది కొందరు సభ్యులు ఒక అడుగు ముందుకు వేసి, రమ్మీ బల్లలను సంఘమే ఏర్పాటు చేయాలనీ, ఒక్కొక్క బల్ల నుంచి కొంత రుసుము తీసుకుని దానిని పండుగ ఖర్చులకు వాడుకోవాలనీ ప్రతిపాదించారు. అదే సమావేశంలో ఒక పెద్దావిడ లేచి, తంబోలా సహా డబ్బుతో ముడిపడిన ఏ ఆటా మన ఆవరణలో జరగకూడదని గట్టిగా కోరారు. ఇరుపక్షాల వాదనలు విన్న తరువాత, ఒక పేజీలో నియమం రాసి తెమ్మని ఆ పనిని నాకు అప్పగించారు.

అన్నిటినీ నిషేధిస్తే ఆట మా కళ్లముందు నుంచి తప్పుకుని ఫ్లాట్లలోని తలుపుల వెనక్కి వెళ్తుందని నా భయం. అన్నిటినీ అనుమతిస్తే ఇప్పుడు రూపాయితో ఆడుతున్న బల్ల రెండేళ్లలో ఏ స్థాయికి చేరుతుందో ఎవరూ చెప్పలేరు. నైపుణ్యం ఉంటే ఆట, అదృష్టమైతే జూదం అని అందరూ తేలికగా అనేస్తారు. అయితే తంబోలాలో నైపుణ్యం రవ్వంత కూడా లేదు, అయినా ఏడేళ్ల పిల్లలు మా కళ్లముందు సంతోషంగా ఆడుకుంటున్నారు. రమ్మీలో నైపుణ్యం నిండుగా ఉంది, అయినా దాని వల్ల ఇల్లు అమ్ముకున్న వారి గురించి విననివారు మనలో ఉండరు. అలాంటప్పుడు గీతను దేని ఆధారంగా గీయాలి? చట్టం తెలిసినవారు, లెక్కలు తెలిసినవారు, దీని దెబ్బ తిన్నవారు తమ అభిప్రాయం చెప్పవలసిందిగా కోరుతున్నాను.

విశ్రాంత న్యాయవాది · అక్టోబరు 4

మీ ప్రతిపాదన మొత్తంలో నన్ను కలవరపెట్టినది ఆ రుసుము. కారణం చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

రమ్మీ గురించి దేశమంతా ఉదహరించే తీర్పు మన జంటనగరాలదే. 1963లో సికింద్రాబాదులోని ఒక క్లబ్బుపై పోలీసులు దాడి చేసి, పణం పెట్టి రమ్మీ ఆడుతున్నారని కేసు పెట్టారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకూ మధ్య నడిచిన ఆ కేసు సుప్రీంకోర్టుకు చేరగా, 1967 నవంబరులో జస్టిస్ హిదాయతుల్లా తీర్పు రాశారు. ఏ ముక్కలు పడ్డాయో జ్ఞాపకం ఉంచుకోవాలి, ఏది పట్టుకోవాలో ఏది పారేయాలో తెలిసి ఉండాలి కనుక రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అనీ, మూడు ముక్కలాట మాత్రం కేవలం అదృష్టం మీద నడిచేదనీ ఆ తీర్పు తేల్చింది. ఆ తరువాత దశాబ్దాల పాటు క్లబ్బులూ, ఆపైన ఆన్‌లైన్ సంస్థలూ ఈ వాక్యాన్ని పట్టుకునే వ్యాపారం చేశాయి. అదే తీర్పులో మరొక మాట కూడా ఉంది: ఇంటి యజమాని గాని, క్లబ్బు గాని ఆ ఆట నుంచి లాభం పొందుతున్నట్లు సాక్ష్యం ఉంటే నేరం రుజువు కావచ్చు. నేను చూసిన ఏ ప్రకటనలోనూ ఈ రెండో మాట కనిపించలేదు.

మన 1974 నాటి గేమింగ్ చట్టం కూడా ఇదే విషయాన్ని మరోవైపు నుంచి చెబుతుంది. ఆట సామగ్రిని ఉంచి, స్థలాన్ని వాడుకోనిచ్చినందుకు డబ్బు తీసుకుని లాభపడే చోటును అది జూదగృహంగా చూస్తుంది. మీరు బల్లకు రుసుము పెట్టిన క్షణంలో, ఆ సొమ్ముతో వినాయకుడి పందిరే వేయించినా సరే, మీ క్లబ్‌హౌస్ ఆ నిర్వచనానికి బాగా దగ్గరగా వస్తుంది. అక్కడ ఆడుతూ దొరికినవారికీ శిక్ష ఉంటుంది కనుక, మీ సంఘం మంచి ఉద్దేశంతోనే తన సభ్యులను ప్రమాదంలోకి నెట్టినట్లవుతుంది.

పైగా మనం ఉన్నది తెలంగాణలో. 2017లో మొదట ఆర్డినెన్సు ద్వారా, ఆ తరువాత సవరణ చట్టం ద్వారా ఈ రాష్ట్రం ఆన్‌లైన్ ఆటలను నిషేధం కిందికి తెచ్చింది. పణం పెట్టి ఆడేటప్పుడు ఇది నైపుణ్యపు ఆట అన్న రక్షణ చెల్లదని కూడా చెప్పింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే దారి పట్టింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఇంకా సూటిగా, నైపుణ్యమా, అదృష్టమా, రెండూ కలిసినవా అన్న తేడా లేకుండా, డబ్బు కట్టి డబ్బు ఆశించి ఆడే ప్రతి ఆన్‌లైన్ ఆటనూ నిషేధించింది. అలాంటి ఆటను అందించేవారికి 3 ఏళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా ఉన్నాయి గాని, ఆడేవారికి శిక్ష లేదు. దానిని సవాలు చేసిన పిటిషన్లను సుప్రీంకోర్టు తన వద్దకు తెప్పించుకుంది కనుక తుది మాట ఇంకా రావలసి ఉంది. అయినా 58 ఏళ్ల పాటు మనకు కొలమానంగా ఉన్న నైపుణ్యపు పరీక్షను శాసనకర్తలే పక్కన పెట్టారన్నది మీరు గమనించవలసిన విషయం.

లెక్కల మాస్టారు · అక్టోబరు 5

న్యాయవాదిగారు చెప్పిన రుసుము విషయాన్ని అంకెలలో చూపిస్తాను, ఎందుకంటే నా దృష్టిలో గీత సరిగ్గా అక్కడే ఉంది.

నలుగురు స్నేహితులు ఇంట్లో కూర్చుని రమ్మీ ఆడితే, ఎవరు గెలిచినా ఎవరు ఓడినా బల్ల మీద ఉన్న డబ్బు బల్ల మీదే ఉంటుంది. సమాన నైపుణ్యం ఉన్నవారైతే ఏడాది తిరిగేసరికి ఇంచుమించు ఎక్కడివారు అక్కడే ఉంటారు. ఇప్పుడు ప్రతి ఆటలోనూ నిర్వాహకుడు పది శాతం తీసుకుంటాడని అనుకుందాం. ఇద్దరు చెరొక వంద పెడితే గెలిచినవారికి 200 బదులు 180 వస్తుంది. ఇద్దరూ సమానులైతే ఒక్కొక్కరు ఆటకు సగటున పది రూపాయలు నష్టపోతారు, పది ఆటలకు ఒక పూర్తి వంద కనిపించకుండా బయటికి పోతుంది. నష్టం లేకుండా నిలబడాలంటే నూటికి 56 ఆటలు గెలవాలి. తనతో సమానమైనవారితో ఆడుతూ ఎవరూ అన్ని గెలవలేరు కనుక, గెలవాలంటే తనకంటే బలహీనుడిని వెతుక్కోవాలి. నైపుణ్యం ఉన్న ఆట అన్న మాటకు అసలు అర్థం ఇదే: కొత్తగా వచ్చినవాడి డబ్బు పాతవాడికీ నిర్వాహకుడికీ వెళ్తుంది. కొందరు సభ్యులు నైపుణ్యాన్ని రక్షణగా చెబుతున్నారు, నా లెక్కలో అది కొత్తవాడి ప్రమాదాన్ని పెంచుతుంది.

అదృష్టపు ఆటల సంగతి కూడా చెప్పాలి. తిరునాళ్లలో ఆరు బొమ్మల గుడ్డ పరిచి, అవే బొమ్మలున్న మూడు పాచికలు డబ్బాలో వేసి గిలకరించే ఆట చాలామంది చూసే ఉంటారు. మనం పెట్టిన బొమ్మ ఒకసారి పడితే రూపాయికి రూపాయి, రెండుసార్లు పడితే రెండు, మూడుసార్లు పడితే మూడు ఇస్తారు. ఆరు బొమ్మలు, మూడు పాచికలు కనుక సగానికి సగం అవకాశం ఉందని చూసేవారికి అనిపిస్తుంది. మూడు పాచికలు 216 రకాలుగా పడవచ్చు. అందులో మన బొమ్మ అసలు పడనివి 125, ఒకసారి పడేవి 75, రెండుసార్లు 15, మూడుసార్లు ఒకే ఒక్కటి. అన్నిటిలోనూ రూపాయి చొప్పున పెట్టినవాడు 125 రూపాయలు పోగొట్టుకుని 108 గెలుస్తాడు. అంటే ఏ మోసమూ లేకుండా, పాచికలు పూర్తిగా నిజాయతీగా పడినప్పుడు కూడా, పెట్టిన ప్రతి రూపాయికీ దాదాపు 8 పైసలు గుడ్డ పరిచినవాడివి. రాత్రంతా అదే రూపాయి అటూ ఇటూ తిరుగుతుంది కనుక, తెల్లవారేసరికి ఆ 8 పైసలే మొత్తం సొమ్మును తినేస్తాయి.

మీ తంబోలాలో టిక్కెట్ల డబ్బు అంతా బహుమతులుగా తిరిగి వెళ్లిపోతే, ఎవరికీ కోత లేదు, ఆట ఒక గంటలో ముగుస్తుంది, ఎవరూ టిక్కెట్టు ధరకు మించి పోగొట్టుకోలేరు. అందుకే పూర్తిగా అదృష్టమే అయినా అది ఎవరినీ ముంచలేదు.

భీమవరం రైతు · అక్టోబరు 5

ఇక్కడ కోడిపందేల మాట ఎవరైనా ఎత్తక ముందే మా ప్రాంతం తరఫున నేనే చెబుతాను. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ మా ఊళ్లలో జరిగేదానిని పండుగలో భాగంగా చూస్తూ పెరిగినవాడిని. డేగ, కాకి, నెమలి అని రంగులు చూసి పుంజులను ఎంచడం, ఏ వేళకు ఏ రంగు గెలుస్తుందో కుక్కుటశాస్త్రం చూడడం, నెలల తరబడి జీడిపప్పూ బాదంపప్పూ పెట్టి పెంచడం, ఇందులో ఉన్న శ్రద్ధను జూదం అన్న ఒక్క ముద్రతో కొట్టిపారేస్తే నాకు బాధ కలుగుతుంది. విదేశాల్లో ఉన్న పిల్లలు ఏడాదిలో ఊరికి వచ్చేది ఆ మూడు రోజులకే.

అయినా సరే, నిజం చెప్పవలసి ఉంది. పుంజుకు కత్తి కట్టడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టానికి విరుద్ధం. పందెం కాయడం 1974 చట్టానికి విరుద్ధం. ఈ రెండు చట్టాలనూ అమలు చేసి పందేలను అరికట్టాలని 2016 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు ఆదేశించింది కూడా. చట్టాన్ని పక్కన పెట్టి మా కళ్లతో చూసినా, మారినది ఏమిటో ఊళ్లో అందరికీ తెలుసు. నా చిన్నతనంలో పందెం పుంజుల యజమానుల మధ్య ఉండేది. ఇప్పుడు బరి చుట్టూ ఫ్లడ్‌లైట్లు, తెరలు, పైపందేలు, బరి పక్కనే మాస్టారు చెప్పిన పాచికల ఆట నడిచే గుండాట బల్లలు, కోతాట అనే పేకాట శిబిరాలు. ఆ బల్లలకు స్థలం ఇచ్చినందుకు నిర్వాహకులకు వచ్చే సొమ్ము పుంజుల పందెం కంటే పెద్దది కావడం వల్లనే, ఇది ఇంకా ఇంకా పెద్దదవుతోంది. పుంజు తెచ్చిన రైతు ఒక పందెంతో ఇంటికి వెళ్లిపోతాడు. కూలిడబ్బులతో గుండాట బల్ల దగ్గర నిలబడ్డవాడు మూడు రాత్రులు కదలడు. మాస్టారు చెప్పిన ఆ 8 పైసల లెక్కను మా ఊరి రచ్చబండ మీద రాసిపెట్టాలని ఉంది.

సంస్కృతం పంతులమ్మ · అక్టోబరు 6

రైతుగారి మాటతో ఒక పాత విభజన గుర్తుకు వచ్చింది. మనుస్మృతి ప్రాణం లేని వస్తువులతో ఆడేదానిని ద్యూతమనీ, ప్రాణులతో పందెం వేసేదానిని సమాహ్వయమనీ వేరుచేసి, రాజు రెంటినీ ఆపాలని చెబుతుంది. కౌటిల్యుడి దారి వేరు. అర్థశాస్త్రంలో జూదానికి ఒక అధ్యక్షుడు ఉంటాడు. ఆట ఒకేచోట, ఆయన ఇచ్చే పాచికలతోనే జరగాలి, గెలిచిన సొమ్ములో నూటికి 5 వంతులు ఆయన వసూలు చేయాలి. నిషేధించాలా, అదుపులో పెట్టి ఆదాయం తీసుకోవాలా అని ఈనాడు మన ప్రభుత్వాలు పడుతున్న సందిగ్ధం అప్పటికే ఉంది.

నైపుణ్యం గురించి మాస్టారు చెప్పిన మాటకు మహాభారతం కంటే బలమైన సాక్ష్యం ఉండదు. మోసపు పాచికల కథ మన నోళ్లలో నలిగింది గాని, సభాపర్వంలో వ్యాసుడు మొదటే శకుని నోట పలికించినది ఏమిటంటే ధర్మరాజుకు జూదమంటే ఇష్టం, ఆడడం మాత్రం తెలియదు, శకునికి ఆ విద్యలో సాటి లేరు. అంటే అది ఒక నిపుణుడికీ ఒక అనిపుణుడికీ మధ్య జరిగిన ఆట. రెండో విషయం ఇంకా ముఖ్యమైనది. పణం పెట్టినవాడు దుర్యోధనుడు, పాచికలు వేసినవాడు శకుని. ఓటమి తనకు అంటనివాడితో ఆడడానికి ధర్మరాజు ఒప్పుకున్నాడు. మూడోది, పిలిస్తే కాదనకూడదన్న వ్రతం వల్ల ఆయన లేచి వెళ్లలేకపోయాడు, సర్వం తిరిగి వచ్చిన తరువాత కూడా రెండోసారి పిలుపు వస్తే మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. మీ నియమంలో లేచి వెళ్లే స్వేచ్ఛ గురించి ఒక వాక్యం తప్పక ఉండాలని నా మనవి. పండుగపూట అప్పుడే వెళ్తావా అన్న మాట ఎంతమందిని బల్లకు కట్టిపడేస్తుందో ఆలోచించండి.

పెన్న ఒడ్డు · అక్టోబరు 6

అందరూ గీత ఎక్కడ గీయాలని మాట్లాడుతున్నారు. నేను మీ సమావేశంలో లేచి నిలబడిన ఆ పెద్దావిడ పక్షాన మాట్లాడతాను.

మా ప్రాంతంలో మట్కా అంటే వివరించవలసిన పని లేదు. చీటీ మీద ఒక అంకె రాసి ఇస్తే చాలు, పది రూపాయలతో మొదలుపెట్టవచ్చు, ఆడడానికి బల్ల గాని తోటివాడు గాని అక్కరలేదు. హమాలీలు, ఆటో నడిపేవారు, టీకొట్టు మీద బతికేవారు సాయంత్రం అంకె కోసం ఎదురుచూస్తూ ఉంటారు. అది జూదమని అందరికీ తెలుసు కనుక దాని గురించి కనీసం సిగ్గుపడతారు. మా ఇంట్లో వచ్చిన కష్టం అలా రాలేదు. మా తమ్ముడు రమ్మీ నేర్చుకున్నది మా నాన్నగారి పక్కన కూర్చుని, పండుగ రోజున, చింతపిక్కలు పణంగా పెట్టి. బాగా ఆడతాడని బంధువులందరూ మెచ్చుకునేవారు. ఆ మెప్పే వాడిని ఫోనులో ఆడేలా చేసింది. తనకు నైపుణ్యం ఉందన్న నమ్మకం, ఇది చట్టం ఒప్పుకున్న నైపుణ్యపు ఆట అన్న ప్రకటన, రెండూ ఒకదానికొకటి తోడయ్యాయి. జీతం, తరువాత రుణయాప్‌లు, తరువాత మా వదిన గొలుసు. ఓడిన ప్రతిసారీ నిన్న ఆట సరిగా ఆడలేదు, రేపు సరిగా ఆడతానని అనేవాడు. మట్కా ఆడేవాడు దురదృష్టం అని ఊరుకుంటాడేమో గాని, నైపుణ్యాన్ని నమ్మినవాడికి ఆగడానికి కారణమే దొరకదు.

వాడు ఇప్పుడు ఆడడం లేదు, అప్పు తీరుతోంది. నేను అడిగేది ఒక్కటే. డబ్బు లేకుండా ఆడితే ఆటలో ఏమి తగ్గుతుంది? అష్టాచెమ్మా, పులిజూదం, చదరంగం, క్యారమ్స్, వీటిలో ఏదీ రూపాయి లేనందువల్ల చప్పబడలేదు. పైసలు పెడితేనే ఉత్సాహం అనేవారికి ఆట మీద ఇష్టం ఉందో పైసల మీద ఇష్టం ఉందో వారే చెప్పాలి.

న్యూజెర్సీ తెలుగువాడు · అక్టోబరు 7

పెన్న ఒడ్డు గారూ, మీ మాటలు చదివి చాలాసేపు మరో పని చేయలేకపోయాను. మీ చివరి ప్రశ్నకు నా దగ్గర పూర్తి సమాధానం లేదు గాని, గీతను పూర్తిగా చెరిపేసి అనుమతించిన చోట ఏమి జరుగుతోందో చెప్పగలను.

2018 మేలో అమెరికా సుప్రీంకోర్టు మా రాష్ట్రం వేసిన కేసులోనే క్రీడా పందేలపై ఉన్న సమాఖ్య నిషేధాన్ని కొట్టివేసింది, ఆ జూన్‌లోనే ఇక్కడ పందేలు మొదలయ్యాయి. వయసు తనిఖీ ఉంది, పన్ను ఉంది, వద్దనుకున్నవారు తమను తామే ఏడాదికో, అయిదేళ్లకో పందేల నుంచి నిషేధించిన జాబితాలో చేర్చుకునే ఏర్పాటు ఉంది. ఇవన్నీ మంచివే. అయితే ఒకప్పుడు కాసినోకు వెళ్లాలంటే అట్లాంటిక్ సిటీ వరకు కారు నడపాలి, వెళ్లేముందు ఇంట్లో ఒక మాట చెప్పాలి, తిరిగి రావడానికి ఒక వేళ ఉండేది. ఇప్పుడు మ్యాచ్ ఎవరు గెలుస్తారన్న ఒక్క పందెంతో ఆగకుండా, తరువాతి బంతికి ఏమవుతుందన్న దానిపైన కూడా పడుకునే ముందు మంచం మీద నుంచే డబ్బు పెట్టవచ్చు. నా స్నేహితుల ఇళ్లలో శుక్రవారం రాత్రి చిన్న పణాలతో పోకర్ ఆడతారు, అది ఎవరినీ పాడుచేయడం నేను చూడలేదు. ఫోనులో ఆడినవారిలో పాడైనవారిని చూశాను. తేడా వేగంలోనూ ఏకాంతంలోనూ ఉందని నా నమ్మకం. పక్కన మనుషులు ఉన్నప్పుడు, ఆట మధ్య టీ తాగే విరామం ఉన్నప్పుడు, చాలించరా అనేవారు ఎవరో ఒకరు ఉంటారు.

కౌన్సెలర్ · అక్టోబరు 7

మా వృత్తిలో వాడే కొలమానాన్ని క్లుప్తంగా చెబుతాను. అమెరికా మనోవైద్యుల సంఘం మానసిక రుగ్మతలను వర్గీకరిస్తూ 2013లో తెచ్చిన డీఎస్ఎం-5 అనే గ్రంథం జూదపు రుగ్మతను మద్యం, మత్తుమందుల వ్యసనాల వరుసలో చేర్చింది. అందులోని 9 లక్షణాలలో ఏడాది కాలంలో 4 ఉంటే రుగ్మతగా గుర్తిస్తారు. ఆ లక్షణాలలో ఒక్కటైనా ఏ ఆట ఆడారని అడగదు. పోయినదానిని రాబట్టుకోవడానికి మళ్లీ ఆడుతున్నారా, అదే ఉత్సాహం కోసం పణం పెంచుతూ పోతున్నారా, ఇంట్లో దాస్తున్నారా, అప్పు చేస్తున్నారా అని అడుగుతుంది. అంటే ఒకే బల్ల దగ్గర కూర్చున్న నలుగురిలో ముగ్గురికి అది ఆట, నాలుగో వ్యక్తికి జూదం కావచ్చు. కొద్దిలో తప్పిపోయిన గెలుపు మెదడుకు ఓటమిలా అనిపించదు, మరొక్కసారి ప్రయత్నించమని ప్రేరేపిస్తుంది. యంత్రాలనూ యాప్‌లనూ ఈ సంగతి తెలిసే రూపొందిస్తారు.

పెన్న ఒడ్డు గారి కుటుంబంలాంటి పరిస్థితిలో ఉన్నవారు ఇది చదువుతూ ఉంటే, కేంద్ర ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. ఆడేవారే చేయాలని లేదు, ఇంట్లోవారు కూడా చేయవచ్చు.

మాదాపూర్ ఉద్యోగి · అక్టోబరు 8

మీరందరూ రూపాయి రమ్మీ మీద ఇంత చర్చిస్తున్నారు. మా ఆఫీసులో సగం మంది ప్రతివారం షేర్ మార్కెట్ ఆప్షన్లలో, అంటే ధర ఎటు వెళ్తుందన్న దానిపై చేసుకునే ఒప్పందాలలో, డబ్బు పెడుతున్నారు. దానిని ఎవరూ జూదం అనరు, పైగా తెలివైనవారని అంటారు. అది ఏ పక్షంలోకి వస్తుంది?

లెక్కల మాస్టారు · అక్టోబరు 8

సంస్థలో వాటా కొని అట్టిపెట్టుకున్నవారి సంగతి వేరు. ఆ సంస్థ ఏదో తయారుచేసి లాభం సంపాదిస్తుంది కనుక కొన్నవారూ అమ్మినవారూ ఇద్దరూ బాగుపడే అవకాశం ఉంది. పత్తి రైతో, ఎగుమతిదారో ధర పడిపోతుందన్న భయంతో ముందస్తు ఒప్పందం చేసుకుంటే, అది తనకు అప్పటికే ఉన్న ప్రమాదాన్ని తగ్గించుకోవడం. గురువారం సాయంత్రానికి సూచీ పైకి వెళ్తుందా కిందికి వెళ్తుందా అని, ఏ వాటా లేకుండా, ఏ సరకూ లేకుండా పెట్టే డబ్బు మాత్రం ఒకరి నష్టమే ఇంకొకరి లాభం అయ్యే ఆట. పైన బ్రోకరు రుసుము, పన్ను ఎప్పుడూ కోతగా పోతూనే ఉంటాయి. 2021–22 నుంచి 2023–24 వరకు మూడేళ్లలో ఈ విభాగంలో వ్యక్తిగతంగా వ్యాపారం చేసినవారిలో 93 శాతం మంది నష్టపోయారనీ, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటిందనీ షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే 2024 సెప్టెంబరులో ప్రకటించింది. ఆ తరువాత వారం వారం ముగిసే ఒప్పందాలను తగ్గించి, ఒప్పందం కనీస విలువను పెంచింది కూడా. చట్టం దానికి జూదమని పేరు పెట్టలేదు. ఇంట్లో చెప్పకుండా అప్పు తెచ్చి ఆడేవారికి ఆ పేరుతో పని లేదు, కౌన్సెలర్‌గారు చెప్పిన లక్షణాలు వారికి సరిపోతాయి.

కొండాపూర్ నివాసి · అక్టోబరు 9

అందరికీ కృతజ్ఞతలు. నైపుణ్యం, అదృష్టం అన్న తూకాన్ని నేను పూర్తిగా వదిలేశాను. ఈ చర్చ నుంచి నాకు మిగిలిన ప్రశ్నలు ఇవి: ఓటమి నుంచి మూడోవాడెవరైనా సంపాదిస్తున్నాడా, కూర్చునే ముందే గరిష్ఠ నష్టం ఎంతో తెలుసా, లేచి వెళ్లడం సులభమేనా, ఇంట్లోవారి కళ్లముందు జరుగుతోందా. వీటి ఆధారంగా ఒక ముసాయిదా రాశాను.

సంఘం ఏ ఆట నుంచీ, ఏ రూపంలోనూ, ఏ మంచి పనికీ డబ్బు తీసుకోదు. తంబోలా టిక్కెట్లు ఉచితం, బహుమతులు సంఘం నిధి నుంచి వస్తువుల రూపంలో ఉంటాయి. మూడు ముక్కలాట, లోనాబయట, పాచికల పందేలు ఆవరణలో ఉండవు. పదమూడు ముక్కల రమ్మీలో ఒక ఆటకు గరిష్ఠ నష్టం 80 పాయింట్లు కనుక, పాయింటుకు పది పైసలు పెట్టుకుంటే ఎంత చెత్తగా ఓడినా ఆటకు 8 రూపాయలు దాటదు. పాయింటుకు పది రూపాయలు పెట్టిన బల్ల మీద అదే ఓటమి 800 అవుతుంది. అందువల్ల పాయింటుకు పది పైసలు పరిమితిగా రాద్దామనుకున్నాను. రాత్రి పదకొండుకు బల్లలు మూస్తాము. ఎవరు ఎప్పుడు లేచి వెళ్లినా కారణం అడగకూడదు, ఆపకూడదు.

పెన్న ఒడ్డు · అక్టోబరు 9

మిగిలినదంతా బాగుంది, ఆ పది పైసలు తప్ప. పరిమితి రాసిన మరుక్షణం మీరు పణాన్ని అంగీకరించినట్లు. ఈ ఏడాది పది పైసలు, రెండేళ్లకు కొత్త కార్యవర్గం వచ్చి ధరలు పెరిగాయి కనుక రూపాయి చేద్దామంటుంది. బల్ల మీద లెక్క పాయింట్లలో ఉంచి, రాత్రి చివర ఎక్కువ పాయింట్లు గెలిచినవారికి ఒక మిఠాయి పెట్టె ఇవ్వండి. ఇంకొక మాట, పిల్లలను బల్ల దగ్గరికి రానివ్వవద్దని నేను అనను. ముక్కలు పట్టుకోవడం నేర్పండి, మాస్టారు చెప్పిన 216 లెక్క కూడా అదే బల్ల మీద నేర్పండి. డబ్బు గుడ్డ పరిచినవాడి వైపు ఎలా వెళ్తుందో తెలిసి ఉంటే మా తమ్ముడు ఆ యాప్ తెరిచేవాడు కాదని నేను ఈనాటికీ అనుకుంటాను.

విశ్రాంత న్యాయవాది · అక్టోబరు 10

పది పైసల విషయంలో నేనూ పెన్న ఒడ్డు గారితో ఏకీభవిస్తున్నాను, నా కారణం వేరు. ఎంత చిన్నదైనా పణం పణమే, తెలంగాణ సవరణ తరువాత మొత్తం చిన్నదన్న వాదన ఎంతవరకు నిలుస్తుందో చెప్పి మీకు హామీ ఇవ్వలేను. సభ్యులు తమ ఇళ్లలో ఏమి చేసుకుంటారన్నది సంఘం నియమానికి అందదు. సంఘం తన చోటులో, తన సంతకంతో పణాన్ని ఆమోదించడం మాత్రం అనవసరం. ఆ వాక్యం తీసేసి మిఠాయి పెట్టె రాయండి.

ముసాయిదాలో లేనిది మరొకటి ఉంది. మీ సంఘం వాట్సాప్ గుంపులో క్రికెట్ మ్యాచ్‌కు తలా ఇంత వేసుకుని, జట్టు ఎంచుకుని, గెలిచినవారు మొత్తం తీసుకునే పద్ధతి ఉందా? యాప్‌లు ఆగిపోయిన తరువాత చాలా చోట్ల ఆ ఆట గుంపుల్లోకి మారింది, డబ్బు యూపీఐలో చేతులు మారుతోంది. ఆడేవారికి 2025 చట్టంలో శిక్ష లేకపోయినా, డబ్బు సేకరించి పంచే వ్యక్తి ఆటను నడిపిస్తున్నవాడిగా చిక్కుకునే అవకాశం ఉంది. క్లబ్‌హౌస్‌కు రాసిన నియమమే గుంపుకూ వర్తిస్తుందని ఒక వాక్యం చేర్చండి, గుంపు నిర్వాహకులకు ఆ వాక్యం ముందుగానే చూపించండి.

కొండాపూర్ నివాసి · అక్టోబరు 10

ఉంది. రెండు గుంపులున్నాయి, అందులో ఒకదానికి డబ్బు వసూలు చేసేది మా కోశాధికారిగారే. ఈ సాయంత్రమే ఆయనతో మాట్లాడతాను. పది పైసల వాక్యం తీసేశాను, మిఠాయి పెట్టె చేర్చాను. ఆదివారం సమావేశంలో ముసాయిదా చదివేటప్పుడు, అందరికంటే ముందు ఆ పెద్దావిడకు కాగితం ఇచ్చి, ఆమె దిద్దిన తరువాతే ఓటుకు పెడతాను.

లెక్కల మాస్టారు · అక్టోబరు 10

పాచికల లెక్కను పిల్లలు చేసి చూసుకునేలా ఒక కాగితం తయారుచేసి రేపు ఇక్కడే పెడతాను. మూడు పాచికలు, కొన్ని చింతపిక్కలు ఉంటే సరిపోతుంది. భీమవరం రైతుగారూ, రచ్చబండ దగ్గర అంటించడానికి పెద్ద అక్షరాలతో మీకు వేరే కాపీ పంపుతాను.

భీమవరం రైతు · అక్టోబరు 11

పంపండి మాస్టారూ. భోగికి ముందే అంటిస్తాను.